ఆపదలో ఏ ఛానెల్ పట్టుకోవాలి?

1912 ఏప్రిల్ 14 రాత్రి. ఉత్తర అట్లాంటిక్‌లో కాలిఫోర్నియన్ అనే ఓడ చుట్టూ మంచు కమ్ముకోవడంతో ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అందులో వైర్‌లెస్ ఆపరేటర్ ఒక్కడే, పేరు సిరిల్ ఎవాన్స్. పదకొండు గంటల వేళ, ఇటువైపు మంచు ఉంది జాగ్రత్త అని టైటానిక్‌కు చెప్పబోయాడు. అక్కడి ఆపరేటర్ జాక్ ఫిలిప్స్ ప్రయాణికుల సొంత టెలిగ్రాములను కేప్ రేస్ తీరకేంద్రానికి పంపే పనిలో తలమునకలై ఉన్నాడు. పక్కనే ఉన్న ఓడ నుంచి వచ్చిన సంకేతం చెవులు చిల్లులు పడేలా మోగేసరికి, నోరు మూసుకో, పనిలో ఉన్నాను అని విసుక్కున్నాడు. ఎవాన్స్ కాసేపు విన్నాడు, పదకొండున్నర దాటాక సెట్టు కట్టేసి పడుకున్నాడు. 11:40కి టైటానిక్ మంచుకొండను కొట్టుకుంది.

అర్ధరాత్రి దాటాక ఫిలిప్స్ ఆపద సంకేతాలు మొదలుపెట్టాడు. అంతకన్నా శక్తిమంతమైన సెట్టు ఆ రోజుల్లో మరే ఓడకూ లేదన్నా అతిశయోక్తి కాదు. సంకేతం సరైనదే, వేళ్ల నైపుణ్యానికీ లోటు లేదు. దగ్గరున్న ఓడలో వినేవాడు మాత్రం నిద్రపోతున్నాడు. యాభై మైళ్లకు పైగా దూరాన ఉన్న కార్పాథియా ఓడ ఆపరేటర్ హరాల్డ్ కాటమ్ కూడా పడుకునే ఏర్పాట్లలోనే ఉన్నాడు, ఇంకా హెడ్‌ఫోన్ తీయలేదు, అంతే. ఆ రాత్రి 700 మందికి పైగా బతికి బయటపడ్డారంటే, ఆ తీయని హెడ్‌ఫోన్ చలవే.

వాకీటాకీ కొన్నవాళ్లూ, కొండలెక్కేవాళ్లూ, పడవల్లో తిరిగేవాళ్లూ ముందుగా అడిగేది ఒకటే: "ఆపదొస్తే ఏ ఛానెల్‌లో పిలవాలి?" ఒక అంకె చెబితే సెట్టు వెనకాల రాసి అంటించుకుని నిశ్చింతగా ఉందామని వాళ్ల ఆశ. అంకెలు ఉన్నాయి. ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఒక్కో రకం రేడియోకు ఒక్కోటి, ఒక్కో దేశంలో ఒక్కోటి. కొన్నింటికి అసలు లేనే లేదు. ఈ గందరగోళం ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే ఆ అంకె వెనక ఏముందో చూడాలి.

మనం ఫోన్‌కు అలవాటు పడ్డాం. ఫోన్ మోగుతుంది. అవతలి మనిషి నిద్రలో ఉన్నా, ఏ మూల ఉన్నా నెట్‌వర్క్ వెతికి పట్టుకుని గంట కొడుతుంది. మామూలు రేడియోలో అలా వెతికిపెట్టే నాథుడు లేడు. మీ మాట అదే క్షణంలో, అదే ఛానెల్‌లో, అందే దూరంలో, సెట్టు వేసుకుని, సౌండు పెట్టుకుని కూర్చున్నవాళ్లకే వినిపిస్తుంది. అలాంటివాళ్లు లేకపోతే అది అచ్చంగా అరణ్యరోదన. ఉంటే మాత్రం ఫోన్‌కు లేని బలం దీనికుంది: టవర్లు కూలినా, కరెంటు పోయినా పనిచేస్తుంది, పైగా ఒక్క కేక పదిమందికి ఒకేసారి అందుతుంది. ఆ పదిమందిలో ఎవరు దగ్గరుంటే వాళ్లు కదులుతారు. ఫోన్‌లో ఎవరు దగ్గరున్నారో ముందే తెలిసి, వాళ్ల నంబరు కూడా మన దగ్గరుండాలి.

కాబట్టి ఎమర్జెన్సీ ఛానెల్ అంటే సెట్టులో ఉండే ప్రత్యేకమైన శక్తి ఏమీ కాదు. ఫలానా అంకె దగ్గర మేం వింటూ ఉంటాం అని కొంతమంది ఇచ్చిన మాట, అంతే. ఎవరిచ్చారు, ఇప్పటికీ నిలబెట్టుకుంటున్నారా అన్నదాన్ని బట్టి ఆ అంకె విలువ.

ఎరుపు ముక్కల గడియారం

ఈ మాట ఎంత గట్టిగా ఇచ్చుకోవచ్చో చూడాలంటే పాత ఓడల రేడియో గదిలోకి తొంగిచూడాలి. టైటానిక్ దెబ్బకు 1914లో సముద్రం మీద ప్రాణరక్షణకు ఒక అంతర్జాతీయ ఒప్పందం రాసుకున్నారు. ప్రయాణికుల ఓడల్లో ఇరవైనాలుగు గంటలూ రేడియో దగ్గర వినే కాపలా ఉండాలన్న పట్టుదల అప్పటి నుంచి మొదలైంది. పిలుపులకూ, ఆపద సంకేతాలకూ అందరూ వాడింది 500 కిలోహెర్ట్జ్. అందరూ ఒకేచోట చేరితే సంత గోలే కదా. లైఫ్‌బోట్‌లో అరకొర బ్యాటరీ మీద నడిచే చిన్న సెట్టు ఆ సంతలో ఎవరికి వినపడుతుంది?

అందుకని గదిలో గోడగడియారం మీదే రంగు పూశారు. 15వ నిమిషం నుంచి 18 దాకా, 45 నుంచి 48 దాకా రెండు ఎరుపు ముక్కలు. పెద్దముల్లు ఆ ఎరుపులో ఉన్నంతసేపూ 500 మీద ఏ ఓడా సంకేతాలు కొట్టే కీ మీద వేలు పెట్టకూడదు. చెవులు రిక్కించి వినడమే పని. మాటలతో నడిచే 2182 కిలోహెర్ట్జ్‌కు గంట మొదట్లో మూడు నిమిషాలు, అరగంట దగ్గర మూడు నిమిషాలు ఆకుపచ్చ ముక్కలు. గంటకు రెండుసార్లు, సముద్రాలన్నిటి మీదా, కావాలని పాటించిన మౌనం. రేడియో చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన వస్తువు ఈ గడియారం. లోకమంతా ఇంకా గట్టిగా ఎలా అరవాలా అని యంత్రాలు కడుతుంటే, దీన్ని తయారుచేసినవాళ్లు ఎప్పుడు ఊరుకోవాలో ఆలోచించారు.

ఇప్పుడా గడియారం మ్యూజియంలో ఉంది. తీరం దగ్గర దాని చోటు ఓడలూ పడవలూ వాడే మెరైన్ వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఛానెల్ 16ది, అంటే 156.8 మెగాహెర్ట్జ్. అడిగిన ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పగలిగేది సముద్రం మీదే. తీరరక్షణ కేంద్రాలు, ఓడలు, ఒక మాదిరి పడవలు దాన్ని వింటాయి, ఏ దేశం వెళ్లినా అదే అంకె. పిలుపు అందాక సొంత మాటలకు వేరే ఛానెల్‌కు మారిపోవాలన్నది మర్యాద. ఆ మర్యాద తప్పి 16 మీదే కబుర్లు చెప్పుకునేవాళ్లు అన్ని రేవుల్లోనూ ఉంటారు.

ఆకాశంలో 121.5 మెగాహెర్ట్జ్. దూరప్రయాణం చేసే విమానాల్లో పైలట్లు రెండో సెట్టును తరచుగా దానిమీదే పెట్టుకుంటారు. పదివేల మీటర్ల ఎత్తున ఎగిరే విమానానికి నాలుగు వందల కిలోమీటర్ల అవతలి మాట కూడా అందుతుంది కాబట్టి, ఆ చెవికి ఎంత విలువో ఊహించుకోవచ్చు.

నేల మీదకొస్తే

నేల మీద కథ పలచబడుతుంది. అమెరికాలో సామాన్యులు వాడుకునే సిటిజన్స్ బ్యాండ్ (సీబీ) రేడియోకు ఛానెల్ 9, అంటే 27.065 మెగాహెర్ట్జ్, ఆపదలకూ దారి తప్పిన ప్రయాణికులకూ కేటాయించారు. దారి పొడవునా స్వచ్ఛంద సేవకులు వంతులేసుకుని విన్న రోజులున్నాయి. నిబంధన పుస్తకంలో ఛానెల్ 9 ఇప్పటికీ ఉంది, వినేవాళ్లు మాత్రం సెల్‌ఫోన్లు వచ్చాక చాలావరకు లేచి వెళ్లిపోయారు. ఇప్పుడు హైవే మీద ఇరుక్కుంటే లారీడ్రైవర్లు కబుర్లాడుకునే ఛానెల్ 19లో పిలవడమే నయం. అది ఎవరూ కాపలా కాసే ఛానెల్ కాదు, అయినా మనుషులున్నది అక్కడే. ఆస్ట్రేలియాలో యూహెచ్‌ఎఫ్ సీబీకి 5, 35 ఛానెళ్లు ఆపదలకు మాత్రమే అని చట్టం ఉంది. కబుర్లకు వాడితే నేరం. అక్కడ కూడా ఆ ఛానెల్ మీద ఫలానావాళ్లు అనుక్షణం కాచుకుని ఉంటారన్న హామీ మాత్రం లేదు.

లైసెన్సు తీసుకుని సరదా కోసం రేడియో నడిపే హామ్ రేడియోవాళ్ల సంగతి వేరు. వాళ్లకు వినడమే సరదా. అందుకే వాళ్ల మధ్య ఆపద పిలుపు గాలికిపోయే అవకాశం తక్కువ. 14.300 మెగాహెర్ట్జ్ మీద నడిసముద్రంలో ఉన్న పడవల కోసం రోజూ గంటల తరబడి కూర్చునే బృందాలున్నాయి. ఈ ఫ్రీక్వెన్సీలు వాతావరణం పైపొరలకు తగిలి వెనక్కొస్తాయి కనుక వేల కిలోమీటర్ల అవతల పడతాయి. పక్క లోయలో వినపడని గొంతు మరో ఖండంలో వినపడడం దీనిలో మామూలే. 2004 డిసెంబర్‌లో భారతి ప్రసాద్ నాయకత్వంలో హామ్‌ల బృందం ఒకటి అండమాన్ నుంచి ప్రపంచంతో మాట్లాడే సరదా పనిమీద పోర్ట్‌బ్లెయిర్‌లో యాంటెన్నాలు కట్టి కూర్చుని ఉంది. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పడిపోయిన దీవుల క్షేమసమాచారం బయటికి రావడానికి వాళ్ల సెట్లు ఆధారమయ్యాయి. ఆపద కోసమని అక్కడికి వెళ్లినవాళ్లు కారు. సెట్టు వేసుకుని ఉన్నారు, అదే కలిసొచ్చింది.

ఇక మనకు ఎక్కువగా తారసపడే లైసెన్సు అక్కర్లేని చిన్న వాకీటాకీలు. వీటికి కాపలా ఛానెల్ లేదు. ఛానెల్ 1 అని కొందరు, 3 అని కొందరు ప్రచారం చేస్తుంటారు. వాటిని వినాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. పోలీసులో, అగ్నిమాపకదళమో వింటున్నారనుకోవడం భ్రమ, వాళ్ల వ్యవస్థలు వేరు, చాలాచోట్ల డిజిటల్ కూడా. అలాగని ఈ సెట్లు పనికిరానివని అనను. మీ గుంపులోనే ఒకరు వెనక ఉండిపోయి, ఏ వేళకు వింటారో ముందే చెప్పుకుని ఉంటే, అంతకన్నా నమ్మకమైన ఎమర్జెన్సీ ఛానెల్ ఇంకొకటి ఉండదు.

ఉత్తర అమెరికా హామ్‌లలో ఇదే పద్ధతి ఒకటుంది. ఉదయం ఏడు గంటలతో మొదలుపెట్టి ప్రతి మూడు గంటలకోసారి, కనీసం ఐదు నిమిషాలు 146.520 మెగాహెర్ట్జ్ వినడం. అడవుల్లో తిరిగేవాళ్ల బ్యాటరీ ఆదా అవుతుంది, పిలిచేవాడికి ఎప్పుడు పిలవాలో తెలుస్తుంది. ఎరుపు ముక్కల గడియారానికి మనవడని చెప్పొచ్చు.

ఒకే ఛానెల్, అయినా వినపడదు

అంకె కుదిరింది, వినేవాడూ ఉన్నాడు. అప్పుడూ గొంతు అందకపోవచ్చు. దీన్ని ఒకసారి స్వయంగా చూశాను. రెండు సెట్లు, ఒకే బల్ల మీద, జానెడు దూరంలో. రెండింటి తెర మీదా 3 అనే అంకే. ఒకదాంట్లో బటన్ నొక్కి మాట్లాడితే రెండోదాని ఆకుపచ్చ దీపం వెలిగింది, అంటే సంకేతం చేరింది. స్పీకర్ నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీ మార్చాం, సౌండు పెంచాం, చెవి దగ్గర పెట్టుకుని చూశాం. చివరికి తెర మూలన 3 పక్కన కనీకనపడకుండా ఇంకో చిన్న అంకె ఉందని తేలింది: 12.

ఆ 12 ఒక టోన్. మాటతో పాటు మన చెవి పట్టించుకోని ఒక సన్నటి హూంకారాన్ని, సుమారు 67 నుంచి 254 హెర్ట్జ్ మధ్య ఏదో ఒకదాన్ని, సెట్టు కలిపి పంపుతుంది. వినే సెట్టులో టోన్ పెట్టి ఉంటే, ఆ హూంకారం ఉన్న మాటకే స్పీకర్ తెరుచుకుంటుంది. ఒకే ఛానెల్‌ను పది గుంపులు పంచుకునేటప్పుడు పక్కవాళ్ల గోల మనకు వినపడకుండా చేసుకున్న ఏర్పాటు ఇది. అమ్మేవాళ్లు దీనికి ప్రైవసీ కోడ్ అని పేరు పెట్టడంతో తిప్పలొచ్చాయి. ప్రైవసీ అనగానే మన మాటలు ఎవరికీ వినపడవని జనం అనుకుంటారు. నిజానికి మన మాటలు టోన్ పెట్టుకోని ప్రతివాడికీ వినపడతాయి. మూతపడింది మన చెవులే.

ఆపదలో దీని పర్యవసానం ఆలోచించండి. మీ సెట్టులో టోన్ ఉంది. మీ కేక ఎవరో విని జవాబిచ్చారు, వాళ్ల సెట్టులో టోన్ లేదు. వాళ్లు బదులిస్తూనే ఉంటారు, మీరు మాత్రం ఎవరూ లేరనుకుని ఛానెల్ మార్చేస్తారు. అందుకే అపరిచితుల సాయం కోసం పిలిచేటప్పుడు వినే వైపు టోన్ తీసేయాలి, చాలా సెట్లలో కోడ్‌ను సున్నా చేస్తే చాలు. చాలా హ్యాండ్‌సెట్లకు పక్కన మానిటర్ అనే బటన్ కూడా ఉంటుంది. అది నొక్కితే టోన్ అడ్డూ, సన్న సంకేతాలను ఆపేసే స్క్వెల్చ్ అడ్డూ రెండూ తొలగి, బుస్సుమనే శబ్దంతో సహా ఛానెల్ మీద ఉన్నదంతా వినపడుతుంది. మాట్లాడడం అయ్యాక ఆ బుస్సులో ఒక నిమిషం వెతకండి.

కొండ మీది రిపీటర్ ద్వారా పిలిస్తే వ్యవహారం ఇంకో మెట్టు ఎక్కుతుంది. రిపీటర్ ఒక ఫ్రీక్వెన్సీలో విని అదే సమయంలో ఇంకోదాంట్లో తిరిగి పలుకుతుంది. నోటికో అంకె, చెవికో అంకె. ఆ తేడా సెట్టులో సరిగ్గా పెట్టకపోయినా, రిపీటర్ అడిగే టోన్ ఇవ్వకపోయినా, అవతలివాళ్ల మాటలు మీకు చక్కగా వినపడుతూనే ఉంటాయి, మీ మాట ఒక్కరికీ చేరదు. అంతకన్నా మనసు కుంగదీసేది ఉండదు. 1937లో పసిఫిక్ మీద అమెరికన్ మహిళా పైలట్ అమేలియా ఇయర్‌హార్ట్ ఆఖరి ప్రయాణంలో దీనికి తిరగేసిన కథ జరిగింది. ఆమె కోసం దీవి దగ్గర కాచుకున్న ఇటాస్కా నౌక సిబ్బందికి ఆమె గొంతు స్పష్టంగా అందింది. వాళ్ల మాటల జవాబులు మాత్రం ఆమెకు చేరలేదు.

దూరం గురించి ఒక్క లెక్క చెబుతాను. చిన్న సెట్లు వాడే వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు చూపు ఎంత దూరమో అంతే వెళతాయి. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.1తో గుణిస్తే అంచుదాకా కిలోమీటర్లు వస్తాయి. రెండు వైపులా లెక్కేసి కలపాలి. నీళ్ల మీద మీటరు ఎత్తున పట్టుకున్న రెండు హ్యాండ్‌సెట్ల మధ్య ఎనిమిది కిలోమీటర్లు. అదే అవతల నూరు మీటర్ల ఎత్తున తీరకేంద్రం యాంటెన్నా ఉంటే 45. మన చేతిలో సెట్టు అదే, పవరూ అదే. అవతలి చెవి ఎత్తుకెక్కింది. డబ్బా మీద 35 మైళ్లని అచ్చేసేవాళ్లు ఒక కొండశిఖరం మీదినుంచి ఇంకో శిఖరానికో, కింద మైదానానికో లెక్కగడతారు. చెట్లూ భవనాలూ ఉన్నచోట అదే సెట్టు రెండు కిలోమీటర్లు వెళితే గొప్ప. కాబట్టి పిలుపు అందకపోతే వాట్లు ఎక్కువున్న సెట్టు కోసం వగచేకన్నా, కాళ్లలో సత్తువుంటే మిట్ట ఎక్కడం మేలు. యాంటెన్నా నిటారుగా ఉండాలి, సెట్టును ఒంటికి ఆనించుకోకూడదు.

ఏం చెప్పాలి, ఏ వరసలో

లండన్ క్రాయిడన్ విమానాశ్రయంలో రేడియో అధికారిగా ఉన్న ఫ్రెడరిక్ మాక్‌ఫర్డ్‌ను 1920 దశకం మొదట్లో ఒక మాట వెతకమన్నారు. గొంతుతో పిలిచేటప్పుడు ఎస్ అనే అక్షరం సరిగా వినపడదు, కాబట్టి ఎస్.ఓ.ఎస్. పనికిరాదు. (అది మా ఆత్మలను కాపాడండి అనే వాక్యానికి పొట్టిరూపం అనేది తర్వాత పుట్టిన కథ. మోర్స్‌లో మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు గుర్తుపట్టడం తేలిక కాబట్టి 1906 బెర్లిన్ సమావేశంలో పెట్టుకున్నారు.) క్రాయిడన్ నుంచి విమానాలు ఎక్కువగా ప్యారిస్‌కే తిరిగేవి. ఫ్రెంచివాళ్లకూ ఇంగ్లిషువాళ్లకూ ఒకేలా పలికే మాటగా, నాకు సాయం చేయండి అనే ఫ్రెంచి పలుకుబడి నుంచి 'మేడే' పుట్టింది. 1927లో అంతర్జాతీయ ఒప్పందంలోకి ఎక్కింది. మూడుసార్లు అనడం దేనికంటే, ఎవరో మేడే గురించి మాట్లాడుకుంటున్నారని పొరపడకుండా. ప్రాణాపాయం లేని ఇబ్బందికి, ఇంజిన్ ఆగిపోయి పడవ కొట్టుకుపోతోందనుకోండి, 'పాన్ పాన్' మూడుసార్లు.

పడవ పేరు నీలిమ అనుకుందాం. పిలుపు ఇలా ఉంటుంది: "మేడే, మేడే, మేడే. ఇది నీలిమ, నీలిమ, నీలిమ. మేడే, నీలిమ. లైట్‌హౌస్‌కు తూర్పున మూడు మైళ్ల దూరంలో ఉన్నాం. పడవలోకి నీళ్లొస్తున్నాయి, మునుగుతోంది. వెంటనే సాయం కావాలి. ఆరుగురం ఉన్నాం. లైఫ్ జాకెట్లు వేసుకున్నాం. ఓవర్."

పేరు చెప్పగానే ఎక్కడున్నారో చెప్పారు, గమనించండి. మనిషి సహజంగా మాట్లాడితే ఏం జరిగిందో ముందు చెబుతాడు, ఎలా జరిగిందో చెబుతాడు, ఎవరి తప్పో కూడా చెబుతాడు, చోటు చెప్పేలోగా బ్యాటరీ చల్లబడుతుంది. మునిగే సెట్టు ఏ మాట దగ్గర ఆగిపోతుందో తెలియదు. 'లైట్‌హౌస్‌కు తూర్పున మూడు మైళ్లు' అన్న ముక్క ఒక్కటి అందినా పడవ బయల్దేరుతుంది. చివర్లో 'ఓవర్' అంటే నా మాట అయింది, మీ జవాబు కోసం ఆగాను అని. 'అవుట్' అంటే ఇక మాట్లాడను అని. సినిమాల్లో ఓవర్ అండ్ అవుట్ అని గంభీరంగా పలకడం చూసి నవ్వుకునేవాళ్లు రేడియో గదుల్లో ఎక్కువ.

చేతికి సంబంధించి ఒక చిన్న కిటుకుంది. బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆగి మాట్లాడాలి. సెట్టు మేల్కోవడానికీ, అవతలి స్పీకర్ తెరుచుకోవడానికీ కాస్త వ్యవధి పడుతుంది. కంగారులో నొక్కుతూనే అరిస్తే మొదటి మాట ఎగిరిపోతుంది, రిపీటర్ మీదైతే మొదటి రెండు. మాట అయ్యాక వేలు తీయాలి. ఇది చెప్పాలా అనిపిస్తుంది గానీ, బటన్ నొక్కి ఉన్నంతసేపూ మీకు ఏమీ వినపడదు, ఛానెల్ ఇంకెవరికీ దొరకదు. మైకు మీద ఎవరో కూర్చోవడం వల్ల రేవు మొత్తానికి ఛానెల్ 16 మూగబోవడం అరుదైన సంగతేమీ కాదు.

ఇద్దరు ఒకేసారి నొక్కితే? ఎఫ్‌ఎం సెట్లలో బలమైన సంకేతం బలహీనమైనదాన్ని మింగేస్తుంది. రెండోవాడు మాట్లాడాడన్న ఆనవాలు కూడా మిగలకపోవచ్చు. విమానాలు ఇప్పటికీ పాతకాలపు ఏఎం వాడడానికి ఒక కారణం, అందులో రెండూ కలిసి కీచుమని అరుస్తాయి, ఎవరో ఇంకొకరు ఉన్నారని తెలుస్తుంది. తెలిసినా ఒక్కోసారి చాలదు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనరిఫే దీవి విమానాశ్రయంలో, 'ఆగండి, నేను పిలుస్తాను' అన్న కంట్రోల్ టవర్ మాటా, 'మేమింకా రన్‌వే మీదే ఉన్నాం' అన్న రెండో విమానం మాటా ఒకదానిమీద ఒకటి పడ్డాయి. టేకాఫ్‌కు పరుగు మొదలుపెట్టిన మొదటి విమానం కాక్‌పిట్‌లో వినపడింది ప్రధానంగా ఒక కీచు. 583 మంది చనిపోయారు. ఆ ప్రమాదానికి ఇంకా చాలా కారణాలున్నాయి, పొగమంచు వాటిలో ఒకటి. ఆపద పిలుపు వింటూనే తీరకేంద్రం మిగతా అందరినీ నోరు మూయమని ఆదేశించడం దేనికో మాత్రం ఆ కీచు వింటే అర్థమవుతుంది.

లైసెన్సు లేకుండా నొక్కితే నేరమా అని కొందరికి భయం. అంతర్జాతీయ రేడియో నిబంధనల్లో 4.9వ అంశం సూటిగానే ఉంది: ఆపదలో ఉన్న స్టేషన్ తన ఉనికి తెలపడానికీ, సాయం పొందడానికీ చేతిలో ఉన్న ఏ రేడియో సాధనాన్నైనా వాడకుండా ఈ నిబంధనలు అడ్డుకోవు. ప్రాణం మీదికొస్తే నొక్కండి. అయితే అప్పటిదాకా ముట్టుకోని సెట్టు ఆ క్షణంలో చేతికి లొంగుతుందని అనుకోవద్దు. ఇంతదాకా చెప్పుకున్నలాంటి సంగతులే లైసెన్సు పరీక్షకూ చదివిస్తారు. ఉత్తుత్తి ఆపద పిలుపు మాత్రం చాలా దేశాల్లో జైలుకు పంపే నేరం.

యంత్రం చెవి

మనిషి నిద్రపోతాడు, విసుక్కుంటాడు, లేచి టీకి వెళతాడు. అందుకని వినే పనిని కొంత యంత్రానికి అప్పగించారు. 1999 నుంచి పెద్ద ఓడలన్నిటికీ తప్పనిసరైన వ్యవస్థలో మూతకింద ఒక ఎర్ర బటన్ ఉంటుంది. మూత తీసి కొన్ని సెకన్లు అదిమిపడితే, ఓడ తొమ్మిదంకెల గుర్తింపు సంఖ్య, జీపీఎస్ చెప్పిన చోటు, టైము కలిపి ఛానెల్ 70 మీద డిజిటల్ సందేశంగా వెళ్లిపోతుంది. అందే దూరంలో ఉన్న అలాంటి సెట్లన్నీ గట్టిగా మోగుతాయి. ఎవరైనా అందుకునేదాకా నాలుగు నిమిషాలకోసారి అదే మళ్లీ వెళుతుంది. అంటే రేడియో ఎట్టకేలకు ఫోన్‌లా మోగడం నేర్చుకుంది. ఆ తర్వాత మాటలు మాత్రం 16 మీదే. జీపీఎస్‌కు కలపని, సంఖ్య ఎక్కించని సెట్టులో ఆ ఎర్ర బటన్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఉపగ్రహాల కథలో నవ్వూ ఉంది, పాఠమూ ఉంది. పాత బీకన్లు, అంటే ఆపదలో తమంతట తామే సంకేతం పంపే చిన్న పరికరాలు, 121.5 మీద ఎవరిదో చెప్పని ఒక ఊళను మాత్రమే పంపేవి. ఉపగ్రహాలు వాటిని వినేవి. అదే ఫ్రీక్వెన్సీలో పొరపాటున ఊళపెట్టే పరికరాలు లోకంలో తక్కువేం లేవు. 2004లో అమెరికాలోని ఒరెగాన్‌లో ఒక కుర్రాడి తలుపు తట్టి చూస్తే పోలీసులూ, గాలింపు బృందమూ. అతని టీవీ పాడై 121.5 మీద ఆపద సంకేతం పంపుతోంది, దాన్ని ఉపగ్రహం పట్టింది. ఇలాంటి తప్పుడు పిలుపుల బరువు మోయలేక 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు 121.5 వినడం మానేశాయి. ఇప్పుడు వినేది 406 మెగాహెర్ట్జ్ డిజిటల్ బీకన్లను, అందులో ఎవరి బీకనో తెలిపే గుర్తు ఉంటుంది. అటకమీద పాత బీకన్ దాచుకున్నవాళ్లు ఇది గమనించుకోవాలి. దాని దీపం ఇంకా వెలగొచ్చు, పైనుంచి వినే ఉపగ్రహం మాత్రం లేదు.

ఇక మీరే వినే వైపు ఉన్నారనుకోండి. ఎవరిదో మేడే మీ సెట్టులో పడింది. ముందు టైము రాసుకోండి, తర్వాత విన్నది విన్నట్టు రాయండి, చోటు ముఖ్యం. వెంటనే బటన్ నొక్కకుండా కాసేపు ఆగండి, తీరకేంద్రమో పెద్ద స్టేషనో అందుకోవచ్చు. ఎవరూ అందుకోకపోతే మీరే జవాబివ్వాలి, ఆపైన 'మేడే రిలే' అని మూడుసార్లు చెప్పి ఆ సందేశాన్ని ముందుకు పంపాలి. మీ యాంటెన్నా కాస్త ఎత్తున ఉండడంవల్ల మీ ఒక్కరికే ఆ గొంతు అంది ఉండొచ్చు.

కాలిఫోర్నియన్ ఓడ మీద ఆ రాత్రి కాపలా ఉన్న అధికారులకు దూరంగా ఆకాశంలోకి లేస్తున్న తెల్ల రాకెట్లు కనిపించాయి. దీపంతో పిలిచి చూశారు, కెప్టెన్‌కు చెప్పారు, మాట్లాడుకున్నారు. రేడియో మనిషిని లేపుదామని ఎవరికీ తోచలేదు. తెల్లవారుజామున ఐదు దాటాక చీఫ్ ఆఫీసర్ వెళ్లి ఎవాన్స్ తలుపు తట్టాడు, రాత్రి రాకెట్లు కనిపించాయట, సంగతేమిటో కనుక్కోమన్నాడు. ఎవాన్స్ లేచి హెడ్‌ఫోన్ పెట్టుకుని సెట్టు వేశాడు. టైటానిక్ మునిగిపోయిందన్న వార్త నిమిషాల్లోనే వచ్చింది.